బాలి హిందువులకు మతం ఉందని ఒప్పుకోడానికి పదమూడేళ్లు

ఇండోనేషియా రాజముద్ర మీద గరుత్మంతుడు ఉంటాడు. ఆ బొమ్మ పెట్టి, ముస్లిం దేశమైనా హిందూ సంస్కృతిని ఎంత గౌరవిస్తారో చూడండి అంటూ మనవాళ్లు వాట్సాప్‌లో తెగ పంచుకుంటుంటారు. గౌరవం మాట అబద్ధమేం కాదు గానీ, కథ అంత తేలిగ్గా నడవలేదు. ఆ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1945 నుంచి 1958 దాకా, ప్రభుత్వ మత శాఖ దృష్టిలో బాలి హిందువులు 'ఇంకా మతం లేనివాళ్లు'.

మెలిక రాజ్యాంగంలోనే ఉంది. ముస్లింలు షరియా పాటించి తీరాలన్న మాటను 1945 ఆగస్టు 18న ముసాయిదాలోంచి తీసేశారు. దానికి బదులు ఏకైక దైవం మీద విశ్వాసాన్ని దేశానికి పునాది సూత్రం చేశారు. అంటే అది ఇస్లామిక్ రాజ్యం కాదు, అలాగని మతంతో సంబంధం లేని రాజ్యమూ కాదు. 1946 జనవరి 3న మత వ్యవహారాల మంత్రిత్వ శాఖ వచ్చింది. అక్కడ ముస్లింలకు, ప్రొటెస్టెంట్లకు, కేథలిక్కులకు విభాగాలు ఏర్పడ్డాయి. మిగతావాళ్ల సంగతి తేల్చడానికి 1950ల తొలినాళ్లలో ఆ శాఖ కొన్ని కొలతలు పెట్టుకుంది. ఒకే దేవుడు ఉండాలి, ప్రవక్త ఉండాలి, పవిత్ర గ్రంథం ఉండాలి, ఒక్క జాతికో ఒక్క దీవికో పరిమితమై ఉండకూడదు. ఈ కొలతలు ఎవరి ఒంటికి తీసినవో వేరే చెప్పక్కర్లేదు. వీటికి సరిపోనివాళ్లు 'మతం లేనివాళ్లు' అయ్యారు. అలాంటివాళ్లని తమ మతంలోకి తెచ్చుకోడానికి ప్రచారకులకు దారి తెరిచినట్టే. బాలి పెద్దలకు అసలు టెన్షన్ అక్కడ మొదలైంది.

వాళ్ల దగ్గర లేనిది ఏమిటి? గుళ్లున్నాయి, పూజారులున్నారు, ఇంటింటా రోజూ కొబ్బరాకు దొన్నెల్లో పూలు, బియ్యం పెట్టి నైవేద్యాలు పెడతారు. తీర్థానికి ఎంత ప్రాధాన్యమంటే, తమది తీర్థ మతమని చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ అదంతా చేసే మతం, చెప్పే మతం కాదు. మంత్రాలు పూజారి నోట ఉండేవి, శాస్త్రాలు తాటాకుల్లో ఉండేవి. మీ ప్రవక్త ఎవరు, మీ గ్రంథం ఏది అని జకార్తా నుంచి ఒక అధికారి అడిగితే ఊళ్లో సామాన్యుడు ఏం చెప్తాడు?

జవాబులు తయారు చేసుకోవాల్సి వచ్చింది. ఇక్కడే భారతదేశం కథలోకి వస్తుంది. శాంతినికేతన్‌లో చదువుకున్న ఇడా బాగుస్ మంత్ర (తర్వాత 1978 నుంచి 1988 దాకా బాలి గవర్నర్), భారత్ నుంచి వెళ్లి బాలిలో స్థిరపడిన పండిత నరేంద్రదేవ శాస్త్రి వంటివాళ్లు ఈ పనికి పూనుకున్నారు. గ్రంథం వేదం, ప్రవక్తల స్థానంలో ఋషులు, దేవతలందరినీ తనలో ఇముడ్చుకున్న ఒకే దైవం సంగ్ హ్యాంగ్ విధి వాస. నమ్మకాలు ఐదు: బ్రహ్మం, ఆత్మ, కర్మఫలం, పునర్జన్మ, మోక్షం. రోజుకు మూడుసార్లు అందరూ చెప్పుకోడానికి 'త్రిసంధ్య' అనే ప్రార్థన కూర్చారు. అందులో మొదటిది గాయత్రి. నాలుగోది వింటే మన ఊరి గుళ్లో ఉన్నట్టే ఉంటుంది: 'పాపోఽహం పాపకర్మాహం పాపాత్మా పాపసంభవః'. మనం ఆత్మప్రదక్షిణ చేస్తూ చదువుకునేదే. ఈరోజు బాలి బడిపిల్లలు చేతులు జోడించి అప్పజెప్పే ఈ ప్రార్థన, ఈ రూపంలో, వాళ్ల తాతముత్తాతలు ఎరిగినది కాదు. దీన్ని కల్పితమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నాకైతే అలా అనిపించదు. ముక్కలు పాతవే, వాటిని ఒకచోట చేర్చిన అవసరం కొత్తది.

1958లో బాలి సంఘాలు కలిసి అర్జీ పెట్టాయి. జూన్ చివర్లో ప్రతినిధులు బాలిలోని తంపక్‌సిరింగ్‌లో దేశాధ్యక్షుడు సుకర్ణోని కలిశారు. ఆయన తల్లి ఇడా ఆయు న్యోమన్ రాయ్ బాలి ఆడపడుచే. సెప్టెంబర్ 5న మత శాఖలో హిందూ బాలి విభాగానికి ఉత్తర్వు వచ్చింది. 1959 ఫిబ్రవరిలో పరిషద అనే కేంద్ర మండలి పుట్టింది. 1961 నవంబర్‌లో ఉబుద్ దగ్గర చంపుహాన్‌లో సభ జరిపి, చదువు, పూజ, పండగల విషయాలు ఒక దారికి తెచ్చుకున్నారు. 1964లో మండలి పేరులోంచి 'బాలి' తీసేశారు. ఒక్క దీవికి పరిమితం కాకూడదన్న కొలత గుర్తుంది కదా!

1965 జనవరిలో సుకర్ణో మతనిందపై ఇచ్చిన అధ్యక్ష ఉత్తర్వులో ఇస్లాం, ప్రొటెస్టెంట్, కేథలిక్, హిందూ, బౌద్ధం, కన్ఫ్యూషియన్ అని ఆరు మతాల పేర్లు కనిపిస్తాయి. ఈ జాబితా అసలు సెక్షన్‌లో లేదు, కింద ఇచ్చిన వివరణలో ఉంది. పైగా మిగతా మతాలు నిషిద్ధం కాదని కూడా అక్కడే రాశారు. కానీ ఆఫీసుల్లో వివరణే చట్టమైపోయింది. కన్ఫ్యూషియన్లను సుకర్ణో తర్వాత అధ్యక్షుడైన సుహార్తో కాలంలో పక్కకు నెట్టారు, వాళ్లు మళ్లీ జాబితాకెక్కింది 2006లో.

1965 చివర్లోనే కమ్యూనిస్టులను ఊచకోత కోయడం మొదలైంది. ఒక అంచనా ప్రకారం బాలిలోనే 80 వేల మంది చనిపోయారు. మతం లేదంటే కమ్యూనిస్టు అని అనుమానించే రోజులవి. ప్రతివాడికీ ఏదో ఒక మతం కావాల్సి వచ్చింది. తూర్పు, మధ్య జావాల్లో చాలామంది క్రైస్తవంలో చేరారు, కొందరు హిందువులమని రాయించుకున్నారు. సులవేసి దీవిలో తొరాజా తెగ పూర్వీకుల ఆచారం 1969లో, బోర్నియో దీవిలోని కలిమంతన్‌లో దాయక్ తెగల కహరింగన్ మతం 1980లో హిందూ శాఖలుగా కాగితాలకెక్కాయి. బాలి వాళ్లు అంత కష్టపడి సంపాదించుకున్న పేరు, వేదం అనే మాటే వినని అడవిపల్లెలకు నీడైంది.

2010 జనగణనలో హిందువులు దేశంలో సుమారు 40 లక్షలు, అంటే 1.7 శాతం. శక సంవత్సరాదిన వచ్చే మౌనదినం న్యేపి 1983 నుంచి జాతీయ సెలవు. ఆ రోజు బాలిలోని దెన్‌పసార్ విమానాశ్రయం కూడా మూసేస్తారు.

ఏ గొడుగు కిందా చేరనివాళ్లు మాత్రం చాలాకాలం బయటే ఉండిపోయారు. సుంబా దీవి మరపు, ఉత్తర సుమత్రా పర్మాలిమ్ వంటి విశ్వాసాల వాళ్ల గుర్తింపు కార్డులో మతం గడి ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ చూసి ఉద్యోగాలు, పెళ్లి రిజిస్ట్రేషన్లు ఆగిపోయేవి. వాళ్లు కోర్టుకెళ్లారు. ఆ గడిలో తమ విశ్వాసం ఉందని రాసుకోవచ్చని 2017 నవంబర్ 7న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది.

కహరింగన్ వాళ్లలో ఇప్పుడు రెండు మాటలున్నాయి. వాళ్ల దైవం రాన్యింగ్ హతల్లా, వాళ్ల గ్రంథం పనతురాన్. చనిపోయినవాళ్ల ఎముకలు తవ్వితీసి, 'తివా' అనే పెద్ద తంతు జరిపి, చెక్కతో కట్టిన చిన్న గూడులో పెడతారు. ఇందులో హిందూ ఏముంది, మమ్మల్ని విడిగా గుర్తించండి అని కొందరు అడుగుతున్నారు. 1980 ఏర్పాటే మేలు, బళ్లో పాఠం, ఆఫీసులో గుర్తింపు దాని వల్లే వచ్చాయని మరికొందరు అంటున్నారు.