కుర్చీ రంగు పంచెకెందుకు అంటింది? ప్లాస్టిక్ పెయింటింగ్‌పై అపోహలు - వాస్తవాలు

నేను పని నేర్చుకుంది విజయవాడ ఆటోనగర్‌లో, కారు బంపర్లకు రంగు కొట్టే షెడ్డులో. తర్వాత ఇళ్ల పెయింటింగ్‌లోకి వచ్చాను. వచ్చిన మొదటి ఎండాకాలమే ఒక కల్యాణ మండపం వాళ్లు వెలిసిపోయిన కుర్చీలు నలభై అప్పజెప్పారు. బంపరంటే ముందు ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి కింద వేసే పొర) పడాలని తెలిసినవాణ్ణి, కుర్చీయే కదా అని సబ్బునీళ్లతో కడిగి తెల్ల ఎనామిల్ రెండు కోటింగులు వేసేశాను. అద్దంలా మెరిశాయి. రెండోరోజు వాళ్లు వాటిని ఒకదాంట్లో ఒకటి దోపి పెట్టారు. పెళ్లినాడు విడదీస్తుంటే రంగు పొరలు పొరలుగా లేచొచ్చింది, మిగిలింది పెళ్లివారి పట్టుపంచెల వెనక అంటింది. ఆ పనికి డబ్బులు అడగలేదు, అడిగే మొహం కూడా లేదు.

ఈ కథంతా ఎందుకంటే, కింద రాసిన అపోహల్లో సగం ఒకప్పుడు నావే.

అపోహ: మంచి కంపెనీ రంగు కొంటే దేనికైనా పట్టుకుంటుంది.

రంగు డబ్బా కంటే ముందు చూడాల్సింది వస్తువుని. ప్లాస్టిక్ అని ఒక్క పేరుతో పిలుస్తాం గానీ, ఇంట్లో ఉన్నవి నాలుగైదు రకాలు. మౌల్డెడ్ కుర్చీలు, బిందెలు, మగ్గులు, బకెట్లు చాలావరకు పాలీప్రొపిలీన్ లేదా పాలిథిలీన్. ఈ రెండూ మైనానికి దగ్గరి చుట్టాలు. తామరాకు మీద నీటిబొట్టు ఎలా దొర్లుతుందో వీటిమీద రంగు కూడా అలాగే ముడుచుకుని ఉంటుంది, అతుక్కోదు. ఆరాక పైన కప్పిన గుడ్డలా కూర్చుంటుంది అంతే. ఎక్కడో ఒక అంచు లేస్తే మిగతాదంతా దాని వెంటే వస్తుంది. పీవీసీ పైపులు, పీవీసీ తలుపులు, ఏబీఎస్‌తో చేసిన మిక్సీ, టీవీ బాడీలు అలా కాదు, ఇవి రంగుని బాగానే పట్టుకుంటాయి. కొట్లో ప్రతిదాన్నీ 'ఫైబర్' అనే అమ్ముతారు. ఆ మాట నమ్మి పని మొదలుపెట్టొద్దు.

రకం తెలుసుకోవడం కష్టమేం కాదు. వస్తువు అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది: 5 అంటే పాలీప్రొపిలీన్, 2, 4 పాలిథిలీన్, 3 పీవీసీ. బంపర్ లోపలివైపు అయితే పీపీ (పాలీప్రొపిలీన్) అనో, పీపీ ప్లస్ ఈపీడీఎం (అందులో ఒకరకం రబ్బరు కలిపింది) అనో అచ్చు ఉంటుంది. అంకె లేకపోతే కనపడని మూల నుంచి బ్లేడుతో చిన్న చెక్కు తీసి నీళ్లలో వేయండి. తేలితే మైనం జాతి. మునిగితే పీవీసీయో ఏబీఎస్సో అయ్యుండాలి. ఇందులో ఒక మెలిక ఉంది. చవక కుర్చీల్లో ఖర్చు తగ్గించుకోవడానికి సుద్దపొడి కలుపుతారు, అప్పుడు పాలీప్రొపిలీన్ కూడా మునిగిపోవచ్చు. అందుకని కుర్చీ దేన్నైనా నేను మైనం జాతి కిందే లెక్కేసుకుంటాను.

అపోహ: గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే చాలు.

పీవీసీకి, ఏబీఎస్‌కి చాలావరకు నిజమే. 320 లేదా 400 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా తడిపి రుద్దితే రంగుకి పట్టు దొరుకుతుంది. కుర్చీని అలా రుద్దితే మాత్రం నూగు లేస్తుంది, నునుపు పోతుంది, పట్టు రాదు. తేలికగా రుద్ది ఆపేయాలి. అసలు పని చేసేది ప్లాస్టిక్ ప్రైమర్. కార్ల పెయింట్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. లోపల ఉండేది క్లోరినేటెడ్ పాలీఓలిఫిన్ అనే రసాయనం. ఒకవైపు మైనం జాతి ప్లాస్టిక్‌తో, మరోవైపు రంగుతో కలిసిపోయే మధ్యవర్తి అనుకోండి. డబ్బామీద పాలీప్రొపిలీన్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసుకుని కొనండి. గోడ ప్రైమర్, ఇనుముకి వేసే రెడ్ ఆక్సైడ్ ఇక్కడ దండగ.

ఈ ప్లాస్టిక్ ప్రైమర్‌ని పల్చగా ఒక్కసారే కొట్టాలి. కనపడలేదని ఇంకో రెండు సార్లు కొడితే ఆ మందపు పొరే మధ్యలో చీలిపోతుంది. డబ్బామీద చెప్పిన వ్యవధి దాటకుండా పైరంగు వేసేయాలి. భోజనం చేసొచ్చి వేద్దాం అంటే కుదరదు.

అపోహ: థిన్నర్‌తో తుడిస్తే శుభ్రంగా ఉంటుంది.

వినాయక చవితికి థర్మోకోల్ మండపం చేసి, దానిమీద స్ప్రే డబ్బా కొట్టినవాళ్లని అడగండి. కళ్లముందే గుంటలు పడి కరిగిపోతుంది. స్ప్రేలో ఉండే థిన్నర్ చేసే పనే అది. థర్మోకోల్‌కి నీళ్లలో కలిపే యాక్రిలిక్ రంగు తప్ప ఇంకేదీ వద్దు. పారదర్శకంగా ఉండే పాలీకార్బొనేట్ షీట్లమీద థిన్నర్ గుడ్డ తగిలితే అప్పటికప్పుడు ఏమీ కనపడకపోవచ్చు, తర్వాత వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. సబ్బునీళ్లు, ఆరాక స్పిరిట్ ముంచిన గుడ్డ చాలు. డాష్‌బోర్డుకి, కుర్చీలకి మెరుపు కోసం పూసే సిలికాన్ పాలిష్ ఉంటే మాత్రం రెండుమూడు సార్లు కడగాలి. అది చుక్కంత మిగిలినా రంగులో సూదిగుంటలు పడతాయి.

అపోహ: వేలికి అంటకపోతే ఆరిపోయినట్టే.

నా నలభై కుర్చీలు మునిగింది ఇక్కడే. పైన ఆరుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఎనామిల్ అయినా స్ప్రే అయినా వారం రోజులు వాడకుండా, ఒకదానిమీద ఒకటి పెట్టకుండా వదిలేయండి. వానాకాలంలో ఇంకా ఆగాలి. ముసురు రోజున లక్క రంగు (థిన్నర్‌తో కలిపే లాకర్) కొడితే తెల్లగా పాలిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు గాల్లోనే ఆరి పొడిలా రాలుతుంది. పొద్దున ఎండ ముదరకముందు నీడలో, జానెడు దూరం నుంచి, పలచని కోటింగులు మూడు. ఒకేసారి మందంగా కొడితే కారుతుంది.

పట్టుకుందో లేదో తెలియాలంటే వారం తర్వాత కనపడని చోట బ్లేడుతో చిన్న చదరంగం గళ్లు గీసి, టేపు అంటించి సర్రున లాగండి. గళ్లు టేపుతో వస్తే పని మళ్లీ మొదటికే.

అపోహ: నల్ల ట్యాంకుకి తెల్లరంగు వేస్తే నీళ్లు చల్లగా ఉంటాయి.

వేడి తగ్గే మాట నిజమే, తెలుపు ఎండని వెనక్కి కొడుతుంది. నలుపు లోపల అలాగే ఉంటుంది కాబట్టి వెలుతురు చొరబడదు, నాచు బెడదా ఉండదు. చిక్కంతా రంగు నిలవడంలోనే. ట్యాంకు పాలిథిలీన్. పైగా నీళ్లు నిండితే పొట్ట ఉబ్బుతుంది, ఖాళీ అయితే లోపలికి పోతుంది, ఎండకి సాగుతుంది. రంగు పొర దానితో పాటు సాగలేక పొలుసులు కడుతుంది. మూత తీసినప్పుడల్లా ఆ పొలుసులు నీళ్లలో పడతాయి. ఫ్యాక్టరీల్లో పాలిథిలీన్ మీద అచ్చు వేసేముందు మంటతో పైపైన తాకిస్తారు, అప్పుడు పట్టుకుంటుంది. మేడమీద బ్లోటార్చ్‌తో ఆ ప్రయోగం చేయకండి. నాలుగు కర్రలు పాతి తాటాకులో, గ్రీన్ నెట్టో కప్పితే రంగు కంటే చవక, నమ్మకం కూడా. ఈ పని అడిగినవాళ్లకి నేనిదే చెప్పి పంపిస్తాను, నాకు బేరం పోయినా.

అపోహ: పాత కుర్చీకి రంగేస్తే గట్టిపడుతుంది.

లేదు. ఎండకి పొడిలా రాలుతున్న కుర్చీ లోపలే పెళుసైపోయి ఉంటుంది. రంగు పగులుని దాచిపెడుతుంది, అది ఇంకా ప్రమాదం. పెద్దవాళ్లు కూర్చునే కుర్చీ అయితే పారేయండి.

అపోహ: మెత్తటి ప్లాస్టిక్‌కీ ఇదే పద్ధతి.

గార్డెన్ పైపు, రెక్సిన్ లాంటివాటిని మెత్తగా ఉంచే నూనె మెల్లగా పైకి వస్తూ ఉంటుంది. ఎనామిల్ వేస్తే ఎన్నాళ్లకీ ఆరక జిగటగానే ఉండిపోతుంది. వదిలేయండి.

అపోహ: ఇంట్లో ప్లాస్టిక్ వస్తువు ఏదైనా రంగెయ్యొచ్చు.

తాగేనీళ్ల బిందె, పప్పుల డబ్బా లోపలివైపు ఏ రంగూ వద్దు. స్విచ్‌బోర్డుల జోలికి కూడా వెళ్లొద్దు, ప్లేటు మార్చుకోవడమే మేలు. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలు సరేసరి. మన దేశంలో ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అటకమీద దొరికిన పాత డబ్బా అంతకుముందుది కావచ్చు, దాన్ని తెరవను కూడా తెరవకండి. కార్లకు వాడే, హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపిన పీయూ (పాలీయురేథేన్) రంగు బాగా నిలుస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. నిలుస్తుంది. కానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకి కట్టిన రుమాలు దాన్ని ఆపదు. షెడ్డులో సరైన మాస్కు పెట్టుకుని చేసే పని అది, వంటగది పక్క వరండాలో కాదు.

ఇక ఖర్చు సంగతి. ప్రైమర్, పైరంగు కలిపితే ఒక్క కుర్చీకి కొత్త కుర్చీ ధర దాటిపోయినా ఆశ్చర్యం లేదు. అరడజను ఉంటేనే గిట్టుబాటు. అందులోనూ ముందు ఒక్కదానికి వేసి, వారం ఆగి, టేపు లాగి చూసి, ఆ తర్వాతే మిగతా ఐదూ బయటికి తీయండి.