ఇన్‌టేక్ పోర్టును అద్దంలా మెరిపించకండి

పిల్లలూ,

పాత బుల్లెట్ 350 ఇంజిన్ హెడ్డుకు పోర్టింగ్, అంటే గాలి వచ్చే, పొగ పోయే దారులను గీకి సరిచేయడం, చేయాలని ఉబలాటపడుతున్నారు కదా, గ్రైండర్ పట్టే ముందు ఇది చదవండి.

వాల్వు తీసేసి ఇన్‌టేక్ పోర్టులోకి, అంటే గాలి, పెట్రోలు లోపలికి వచ్చే దారిలోకి, వేలు పెట్టి తడమండి. దారి తిన్నగా వచ్చి, వాల్వు మూసుకున్నప్పుడు ఆనే సీటు దగ్గర ఒక్కసారిగా కిందికి తిరుగుతుంది. ఆ తిరుగుడులో లోపలి మలుపును షార్ట్ సైడ్ అంటారు. గాలికీ బరువుంది. జోరుగా వచ్చే గాలి అక్కడ గోడను అంటిపెట్టుకోలేక అవతలి పక్కకు దూసుకుపోతుంది. సీటు రింగు దగ్గర పోతపోసిన మెట్టు మిగిలి ఉంటే మరీ కష్టం. ఆ మెట్టును తీసేసి మలుపును గుండ్రంగా సీటులో కలపండి. లోతుకు మాత్రం కోయకండి. కోసేకొద్దీ మలుపు ఇంకా ఒక్కసారిగా తిరుగుతుంది, పోయిన లోహం తిరిగి రాదు. శ్రమలో ఎక్కువ ఫలితం దక్కేది సీటును ఆనుకుని ఉన్న ఆ అంగుళం మేరలోనే.

సీటుకు కాస్త వెనక దారి ఇరుకయ్యే చోటును గొంతు అంటారు. దాని వ్యాసం వాల్వు తల వ్యాసంలో 85 నుంచి 90 శాతం ఉండాలి. 40 మి.మీ. వాల్వయితే 34 నుంచి 36 మి.మీ. అంతకు మించితే వాల్వు ఆనడానికి కోసే 30, 45, 60 డిగ్రీల కోతలకు సీటులో చోటు చాలదు. వాల్వు కాడను పట్టి ఉంచే గైడు చుట్టూ ఉన్న బొడిపెను పక్కల నుంచి చేప ఒంటిలా సన్నం చేయండి. మొత్తం నరికేస్తే గైడుకు ఆసరా పోతుంది, వాల్వు వేడి దిగే దారీ తగ్గుతుంది.

పోర్టును వెడల్పు చేయాలని అందరికీ ఉంటుంది. ఆ బండి కార్బురేటర్ నోరు 24 మి.మీ. దాని వెనక 30 మి.మీ. దారి తవ్వితే వైశాల్యం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, గాలి వేగం ఆ మేరకు పడిపోతుంది. తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు పోయేది అందుకే.

అల్యూమినియానికి పెద్ద పళ్ల కార్బైడ్ బర్ (గ్రైండర్‌కు బిగించే కోత ముక్క) కావాలి. ఇనుముకు వాడే సన్నపళ్లలో అల్యూమినియం ఇరుక్కుని బర్ కోయడం మానేస్తుంది. మధ్యమధ్య కిరోసిన్ అద్దండి. కార్బురేటర్ వైపు నుంచి కోసేటప్పుడు పాత వాల్వొకటి సీటు మీద కూర్చోబెడితే సీటుకు గీత పడదు. పొడుగు కాడ బర్‌ను గాలిలో పూర్తి వేగంతో తిప్పకండి, కాడ వంగిపోతుంది. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

గ్యాస్కెట్ ఆనవాలు గీసి మ్యానిఫోల్డును (కార్బురేటర్‌ను హెడ్డుకు కలిపే గొట్టాన్ని) కలిపేటప్పుడు హెడ్డు అంచు గాలికి అడ్డంగా పొడుచుకురాకూడదు. మ్యానిఫోల్డు రంధ్రం వెంట్రుకవాసి చిన్నదైనా నష్టం లేదు.

ఇక మెరుపు సంగతి. 80 నంబరు ఎమిరీ (గరుకు కాగితం) రోలు దగ్గర ఆపేయండి. ఆ పైన ఎంత నునుపు చేసినా గాలి పెరిగేది దాదాపు లేదు. పైగా నున్నటి గోడ మీద పెట్రోలు పొరలా పరుచుకుని ధారగా జారుతుంది. సన్నటి గరుకు ఉంటే ఆ పొర విడిపోయి మళ్లీ గాలిలో కలుస్తుంది. మెరిపించాలన్న సరదా ఉంటే ఎగ్జాస్ట్ పోర్టు మీద తీర్చుకోండి, అక్కడ పెట్రోలు తడి ఉండదు, మసి కూడా తక్కువ పడుతుంది.

పని అయ్యాక వేడి సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, గాలి కొట్టి ఆరబెట్టండి. గైడులో మిగిలిన ఎమిరీ రజను వాల్వు కాడను అరగదీస్తుంది, లోపలికి పోతే పిస్టన్ రింగులనూ తినేస్తుంది. సీటు కోయించి, వాల్వు పేస్టుతో రుద్ది, స్ప్రింగు బిగించాక పోర్టులో పెట్రోలు పోసి ఐదు నిమిషాలు చూడండి. వాల్వు చుట్టూ తడి కనిపిస్తే విప్పి మళ్లీ రుద్దండి.

మీ తాతయ్య