కొత్త లైను కష్టాలు: అసెంబ్లీ ల్యాబులో అపోహలు - వాస్తవాలు

8086 అనే పాత ఇంటెల్ ప్రాసెసర్ మీద అసెంబ్లీ నేర్పే ల్యాబులో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న లూపుల గురించో స్టాక్ గురించో కాదు. "సార్, రెండో మెసేజ్ కింది లైనులో రావట్లేదు." సీ భాషలో తెర మీద అక్షరాలు వేసే ప్రింట్‌ఎఫ్‌కు అలవాటు పడ్డవాళ్లకు ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది.

అపోహ: స్ట్రింగులో బ్యాక్‌స్లాష్-ఎన్ పెడితే చాలు.

ఆ రెండు గుర్తులను 10 అనే కోడుగా మార్చేది సీ కంపైలర్. మాస్మ్ అనే అసెంబ్లర్ ఆ పని చేయదు, రెండూ ఉన్నవి ఉన్నట్టే తెర మీద పడతాయి. నాస్మ్ అనే మరో అసెంబ్లర్‌లో బ్యాక్‌కోట్స్ మధ్య రాస్తేనే మారుతుంది, మామూలు కోట్స్‌లో మారదు. నేనైతే అంకెలే రాసేస్తాను: మెసేజ్, కామా, 13, 10, చివర '$'. డాలర్ తర్వాత 13, 10 రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో స్ట్రింగును ప్రింట్ చేసే 9వ నంబరు ఫంక్షన్ డాలర్ దగ్గరే ఆగిపోతుంది బాబూ, దాని వెనక ఏం రాసినా దానికి అనవసరం.

అపోహ: 13, 10 రెండూ ఒకటే, ఏదో ఒకటి చాలు.

డాస్‌లో 13 మాత్రమే పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో ముందు హైదరాబాద్, తర్వాత గుంటూరు ప్రింట్ చేయించండి. తెర మీద 'గుంటూర్‌బాద్' అనే కొత్త ఊరు వెలుస్తుంది! 13 కర్సర్‌ను అదే లైను మొదటికి తెస్తుంది, కిందికి దించదు. గుంటూరు ఆరు అక్షరాలు పైన పడ్డాయి, పాత పేరులో చివరి మూడూ మిగిలాయి. 10 ఒక్కటే పెడితే దీనికి తిరగబడి, కర్సర్ కిందికి దిగుతుంది కానీ ఎడమ అంచుకు రాదు. లైన్లు మెట్లలా జారుతూ పోతాయి.

టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. లీవర్ నెడితే రోలర్ ఒక లైను తిరుగుతుంది, క్యారేజ్ మొదటికొస్తుంది. పనులు రెండు, లీవర్ ఒకటి. తీగ మీద వచ్చిన సందేశాన్ని కాగితం మీద కొట్టే 1960ల నాటి మోడల్ 33 టెలిటైప్‌లో ఆ రెండు పనులకూ రెండు కోడులు. సెకనుకు 10 అక్షరాలు కొట్టే ఆ యంత్రంలో అచ్చుతల మొదటికి రావడానికి ఒక అక్షరం కొట్టేంత సమయం చాలదు. అందుకే ముందు 13, ఆ తర్వాత 10. ఇవాళ తెర మీద ఏది ముందున్నా తేడా తెలియదు, ఫైల్లోకి రాసేటప్పుడు మాత్రం 13, 10 వరసే పాటించండి.

అపోహ: లినక్స్‌లో 10 చాలు కాబట్టి 13తో పని లేదు.

13 అక్కడా ఉంది, మీ బదులు టెర్మినల్ డ్రైవర్ చేరుస్తోంది, అంతే. టెర్మినల్‌ను రా మోడ్‌లో, అంటే ఏదీ చేర్చకుండా ఉన్నది ఉన్నట్టే పంపే పద్ధతిలో పెడితే మళ్లీ అవే మెట్లు.

అపోహ: కొత్త లైను అంటే ఏమిటో ప్రాసెసర్‌కు తెలుసు.

దానికి అవి రెండు బైట్లు, అంతే. డాస్‌ను పక్కన పెట్టి టెక్స్ట్ మోడ్ వీడియో మెమరీలోకే 13 రాస్తే తెర మీద సంగీతం గుర్తు కనబడుతుంది. అక్కడ కింది లైను కావాలంటే అడ్రసుకు 160 కలపాలి: 80 అక్షరాలు, ఒక్కోదానికి రెండు బైట్లు.

అపోహ: కొత్త లైను వేయడం వల్ల మిగతా ప్రోగ్రాముకు ఏమీ కాదు.

పిల్లల్ని గంటలు గంటలు ఏడిపించేది ఇదే. 3, 4 కూడి 7ను ఏఎల్ అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గది) ఉంచారు. ముందు ఒక్కో అక్షరం ప్రింట్ చేసే 2వ నంబరు ఫంక్షన్‌తో 13, 10 వేసి, అంకెను దాని అక్షర కోడుగా మార్చడానికి ఏఎల్‌కు 48 కలిపి చూపించారు. తెర మీద 7 బదులు కోలన్! ఆ ఫంక్షన్ చివరగా ప్రింట్ చేసిన కోడును ఏఎల్‌లో వదిలిపోతుంది. 10కి 48 కలిపితే 58, అది కోలన్ కోడు. కూడికలో తప్పు వెతుకుతూ టెన్షన్ పడకండి, జవాబును ముందే బీఎల్ అనే మరో రిజిస్టర్‌లోకి మార్చుకోండి.

64 బిట్ లినక్స్‌లోనూ ఇలాంటిదే ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడిగే సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ ఆర్‌సీఎక్స్ రిజిస్టర్‌ను తుడిచి, తిరిగి రావాల్సిన అడ్రసును అందులో పెడుతుంది. లూప్ కౌంటర్ కూడా అక్కడే ఉంటే, ఐదు లైన్లు వేయమన్న ప్రోగ్రాము కంట్రోల్-సీ కొట్టేదాకా వేస్తూనే ఉంటుంది. కౌంటర్‌ను ఆర్‌బీఎక్స్‌లో పెట్టి, ఒకటొకటి తగ్గిస్తూ సున్నా కానంతవరకు జంప్ చేయించండి.