కౌంట్‌డౌన్ ఆగితే ఫెయిలైనట్టేనా?

"ఏటి బాబూ, మీ రాకెట్టు మళ్లీ ఆగిపోనాదట?"

పలాస వచ్చిన ప్రతిసారీ నాకు దక్కే పరామర్శ ఇదే. అంతరిక్ష నౌకల నిర్మాణాలకు లోడ్ టెస్టులు చేసే ఉద్యోగం నాది. పెళ్లి భోజనాల్లోనూ వదలరు. పైగా "అసలు విషయం దాస్తున్నారు" అంటూ ఓ వాట్సాప్ ఫార్వర్డ్.

అపోహ: కౌంట్‌డౌన్ ఆగినా, మధ్యలో అబార్ట్ (రద్దు) అయినా ఫెయిలే.

కాదు. 2023 అక్టోబర్ 21న మనవాళ్లను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం చేసిన టీవీ-డీ1 అనే పరీక్షా ప్రయోగాన్ని ఇంకో 5 సెకన్లుందనగా కంప్యూటర్ ఆపేసింది. నా ఫోను మోగుతూనే ఉంది. లోపం పట్టుకుని, సరిచేసి 10 గంటలకు వదిలారు. అసలు ఆ పరీక్ష పెట్టిందే, దారిలో ప్రమాదం వస్తే క్రూ మాడ్యూల్‌ను, అంటే వ్యోమగాములు కూర్చునే గదిని, రాకెట్ నుంచి లాగి బయటపడేయగలమా అని చూడ్డానికి. దాదాపు 12 కి.మీ. ఎత్తులో ఎస్కేప్ వ్యవస్థ దాన్ని లాగేసింది, పారాచూట్లు విచ్చుకున్నాయి. సముద్రంలో మాడ్యూల్ తలకిందులుగా తేలింది, అదీ నిజమే. ఇలాంటివి మనుషులెక్కక ముందే బయటపడాలనేగా ఖాళీగా పంపేది!

2018 అక్టోబర్ 11 గురించి ఉద్దానం వాళ్లకు చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి, జీడి తోటల్ని పడుకోబెట్టేసింది. ఇంటికి ఫోన్ కలవక నేను టెన్షన్ పడుతున్న ఆ మధ్యాహ్నమే ఇద్దరు వ్యోమగాములతో రష్యా నౌక సోయుజ్ ఎంఎస్-10 కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి లేచింది. రెండు నిమిషాలకు పక్క బూస్టర్ ఒకటి సరిగ్గా విడిపోక మధ్య దశను గుద్దింది. ప్రమాదంలో నౌకను లాగేయడానికి ముక్కు మీద ఉండే ఎస్కేప్ టవర్ కాసేపటి ముందే ఊడిపోయింది, అది మామూలుగా జరిగేదే. అయితే ఫెయిరింగ్ (నౌకను కప్పే తొడుగు) మీద ఇంకో జత మోటార్లున్నాయి, అవి నౌకను లాగేశాయి. ఒవ్‌చినిన్, నిక్ హేగ్ క్షేమంగా దిగారు, 2019 మార్చిలో మళ్లీ వెళ్లారు. కరెంటు వచ్చాక నాన్నకు ఇదంతా చెబితే, "మన తోటకైతే పరిహారం రాస్తన్నారు గానీ, ఆ రాకెట్టుకి ఎవులిస్తారు?" అన్నారు.

ఈ ఒక్క అపోహ మీదే ఇంత పంతం ఎందుకంటే, ఆగడం నామోషీ అనుకుంటే ప్రాణాలు పోతాయి. 1986 జనవరిలో నాసా స్పేస్ షటిల్ చాలెంజర్ అప్పటికే పలుమార్లు వాయిదా పడింది. చలికి బూస్టర్ జాయింట్లను మూసే రబ్బరు ఓ-రింగులు గట్టిపడతాయి, సుమారు 12 డిగ్రీల కన్నా తగ్గితే వద్దని తయారీ సంస్థ ఇంజినీర్లే ముందు రోజు రాత్రి మొత్తుకున్నారు. పైవాళ్లు వినలేదు. ఏడుగురు పోయారు. అంతకుముందు ఓ రింగు మూడో వంతు దాకా కాలిపోతే, "ఇంకా మూడింతల మార్జిన్ (అదనపు భద్రత) ఉంది" అని సర్దుకున్నారు. రింగు అసలు కాలకూడదు! విచారణ నివేదికలో భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఈ లెక్కను ఉతికి ఆరేశాడు.

అపోహ: మార్జిన్ ఎంత పెడితే అంత మంచిది.

మనుషులెక్కే నౌకల లోహ నిర్మాణాలకు నాసా ప్రమాణం 1.4. రావచ్చనుకున్న గరిష్ఠ లోడుకు 1.4 రెట్లు వేసినా విరగకూడదు. అయిదు పెట్టుకోవచ్చుగా అంటారు. పెడితే బరువెక్కి నేల వదలదు. అందుకే మందానికి బదులు పరీక్షలు. లోడు 1.3 దాటాక మా రిగ్గు దగ్గర మాటలుండవు, అందరి కళ్లూ లోహం ఎంత సాగిందో చూపే స్ట్రెయిన్ గేజీల అంకెల మీదే. ఎక్కడో టిక్‌మంటే గుండె జారుతుంది.

అపోహ: సునీతా విలియమ్స్ అంతరిక్షంలో దిక్కులేక చిక్కుకుపోయారు.

ఆమె వెళ్లిన స్టార్‌లైనర్ నౌకలో హీలియం లీకులు, థ్రస్టర్ల ఇబ్బంది నిజం. అందుకే దాన్ని ఖాళీగా దించారు. 2024 సెప్టెంబర్‌లో క్రూ-9 అనే మరో నౌక ఆమెకూ, ఆమె సహచరుడికీ రెండు సీట్లు ఖాళీగా ఉంచుకుని వెళ్లింది, 2025 మార్చిలో అందులోనే వచ్చారు. ఆలస్యం వేరు, దిక్కులేకపోవడం వేరు.

ఆమదాలవలసలో ఒకావిడ అడిగింది వేరు: "మావోడు ఇందులోనే చేరతానంటన్నాడు బాబూ, పేలిపోతే?" ఆ భయాన్ని తీసిపారేయలేను. ప్రయోగం వేళ రాకెట్ చుట్టుపక్కల ఎవరూ ఉండరమ్మా, కంట్రోల్ సెంటర్ కిలోమీటర్ల అవతల ఉంటుందని చెప్పాను. మాలాంటి వాళ్లం అక్కడ కూడా ఉండం. వేరే ఊళ్లో, టెస్ట్ రిపోర్టుల మధ్య ఉంటాం.