అపోహలు – వాస్తవాలు: జాకీ పని ఎత్తడం వరకే

కారు షాక్ అబ్జార్బర్లు, లింక్ రాడ్లు (చక్రం దగ్గర ఉండే చిన్న ఇనుప కడ్డీలు) ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంటి దగ్గరే బిగించుకునేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇదే పని చేసుకుని బతుకుతున్నవాణ్ణి, అయినా నాకేం అభ్యంతరం లేదు. లింక్ రాడ్ మార్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. పానా పట్టడం వచ్చినవాళ్లు ఎవరైనా ఓ ఆదివారం పూట చేసుకోవచ్చు. నా భయమంతా అంతకుముందు బండిని పైకి లేపే పద్ధతి గురించే. ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది అడిగేది కూడా ఒకటే మాట.

అపోహ: "జాకీ రెండు టన్నులది అన్నా, నా స్విఫ్ట్ టన్ను కూడా లేదు. కింద దూరితే ఏమవుతుంది?"

వాస్తవం: ప్రాణం పోతుంది. దీన్ని ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

స్విఫ్ట్ బరువు సుమారు 900 కిలోలు. ముందు భాగం ఎత్తితే జాకీ మీద పడేది అందులో సగం పైచిలుకే. అంటే బరువు మోయలేక జాకీ విరగడం చాలా అరుదు. గొడవంతా వేరే దగ్గర ఉంది. జాకీ మీద రాసిన టన్నులు నిటారుగా పైకి లేపడానికి వేసిన లెక్క. పక్కనుంచి తోస్తే ఎంతవరకు నిలబడుతుందో అందులో ఉండదు. సస్పెన్షన్ పనిలో పక్క తోపు తప్పదు. స్ట్రట్, అంటే షాక్ అబ్జార్బరూ స్ప్రింగూ కలిసిన భాగం, దాని కిందివైపు ఉండే రెండు బోల్టులు వానలకీ బురదకీ తుప్పు పట్టి కరుచుకుపోయి ఉంటాయి. మామూలు రెంచికి లొంగవు. రెంచికి పైపు తొడిగి ఒళ్లంతా బిగబట్టి లాగాలి. ఆ లాగుడుకి బోల్టు ఊడకముందే బండి ఊగుతుంది.

ఇక హైడ్రాలిక్ జాకీ లోపల ఏముందో చూడండి. ఇనుప రాడ్డు నూనె మీద నిలబడి ఉంటుంది. ఆ నూనెను ఆపేది ఓ రబ్బరు సీలు, శనగగింజంత కూడా లేని ఇనుప గుండు ఉన్న వాల్వు. వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుంటే బండి నెమ్మదిగా దిగుతుంది, అది అదృష్టం. సీలు చినిగితే ఒక్కసారిగా కూలుతుంది. బయటినుంచి చూస్తే ఈ రెండు రకాలుగా పాడైన జాకీలూ ఒకేలా కనిపిస్తాయి. డిక్కీలో స్టెప్నీతో పాటు ఇచ్చే కత్తెర జాకీకి నూనె గొడవ లేదు కానీ దాని అడుగు అరచేయంత, పక్కకి ఒరిగితే మడుచుకుపోతుంది. అది టైరు మార్చడానికి మాత్రమేనని, దాని మీద ఉండగా బండి కింద దూరొద్దని కంపెనీ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఎవరూ చదవరు.

కాబట్టి జాకీతో ఎత్తాలి, వెంటనే స్టాండ్ల మీదికి, అంటే బండిని మోయడానికే చేసిన ఇనుప కాళ్ల మీదికి, దించాలి. ముందు భాగం పనైతే రెండు వైపులా రెండు స్టాండ్లు. బాడీ అంచు కింద, ముందు చక్రానికి కాస్త వెనకగా, రెండు గాట్లు ఉంటాయి. వాటి మధ్యే జాగా. అక్కడ స్టాండు పెడితే జాకీ ఎక్కడ పెట్టాలని అడుగుతారు. ఇంజిన్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్‌కి పెట్టాలి, మీ మోడల్‌కి ఖచ్చితంగా ఎక్కడో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఉండే నూనె తొట్టి) కింద పెట్టి పగలగొట్టుకున్న బండ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. స్టాండు ఎత్తుని పట్టి ఉంచే పళ్లు పూర్తిగా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడండి, లాక్ పిన్ను ఉంటే దూర్చండి. తర్వాత జాకీని కొద్దిగా దించి, ఊరికే ఆనుకుని ఉండేలా వదిలేయండి. విప్పిన చక్రాన్ని బాడీ అంచు కిందికి తోయండి. ఇప్పుడు బయట నిలబడి భుజంతో బండిని గట్టిగా ఊపండి. పడేదైతే మీరు బయట ఉన్నప్పుడే పడుతుంది.

స్టాండ్ల మీద టన్నులు కొన్నిటికి జతకి రాస్తారు, కొన్నిటికి ఒక్కోదానికి రాస్తారు. చూసి కొనండి. 2020లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను వెనక్కి పిలిచింది, బరువు మీద ఉండగా పళ్లు జారుతున్నాయని. కొత్తవి కదా అని ఊపి చూడడం మానకండి.

అపోహ: "స్టాండ్లు ఎందుకు, ఇటుకలున్నాయిగా."

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకున్న అలవాటు మనది, అదే ఇక్కడా పెడుతున్నారు. ఇటుక, సిమెంటు దిమ్మ సమంగా పడే బరువు మోస్తాయి. కారు బాడీ అంచు సన్నని రేకు, మొత్తం బరువు ఒక గీత మీద పడుతుంది. ఇనుము విరిగేముందు వంగడం కనీసం కనిపిస్తుంది. ఇటుక ఏ సూచనా ఇవ్వదు.

ఒకసారి ఓ కుర్రాడు ఫోన్ చేశాడు, లింక్ రాడ్ నట్టు తీశాను కానీ రాడ్డు బయటికి రావట్లేదు అని. దగ్గరే కదా అని వెళ్లాను. అపార్ట్‌మెంట్ సెల్లార్. వాళ్లమ్మగారు ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డారు. ఒకవైపు మాత్రమే ఎత్తాడు, కింద రెండు సిమెంటు ఇటుకలు, వాటి పక్కన జాకీ. తను చక్రం తీసిన ఖాళీలో కూర్చుని రెండు కాళ్లూ బండి కిందికి చాపుకున్నాడు. "ముందు కాళ్లు బయటికి తియ్యి తమ్ముడూ" అన్నాను. "నేను కింద దూరలేదు కదన్నా" అన్నాడు. కాళ్లు తీశాక, జాకీ వదులు చేసి భుజంతో ఒక తోపు తోశాను. పై ఇటుక రెండు ముక్కలైంది. బండి మళ్లీ జాకీ మీద వాలి ఆగింది. వాళ్లమ్మగారు లైటు ఆర్పేసి అక్కడే కూర్చుండిపోయారు.

పిల్లాడు అజాగ్రత్త మనిషేమీ కాదు. బండికి గీత పడుతుందేమోనని రాత్రంతా టెన్షన్ పడ్డాడట. జాగ్రత్త పడాల్సిన చోటు ఎవరూ చెప్పలేదు, అంతే. భయపడి ఫోన్ చేసినవాళ్లని నేనెప్పుడూ విసుక్కోను. "వీడియోలో అలాగే చేశాడన్నా" అనేవాళ్లతోనే నాకు పేచీ. ఆ వీడియోలో కెమెరా పెట్టకముందు ఏం చేశాడో మీకు తెలుసా?

రాడ్డు ఎందుకు రాలేదంటారా? ఒక చక్రం నేల మీద, ఒకటి గాల్లో ఉంటే రెండిటినీ కలిపే యాంటీ రోల్ బార్ మెలిపడి లింక్ రాడ్‌ని పట్టేస్తుంది. షెడ్డు నుంచి స్టాండ్లు తెప్పించి రెండో వైపు కూడా ఎత్తాం. రాడ్డు చేత్తో ఊడివచ్చింది.

అపోహ: "గేరులో పెట్టాను, బండి కదలదు."

ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే బండిని ముందువైపు ఎత్తితే గేరు దండగ. ఒక్క చక్రం లేచినా అంతే, లేచిన చక్రం గాల్లో తిరుగుతుంది, నేల మీదున్నది దొర్లిపోతుంది. ఆటోమేటిక్‌లో పార్క్ కూడా ఇంతే. అక్కడ పనికొచ్చేది హ్యాండ్‌బ్రేకు, అది వెనక చక్రాలను పడుతుంది కాబట్టి. వెనకవైపు ఎత్తితే లెక్క తిరగబడుతుంది: గేరు ఆపుతుంది, హ్యాండ్‌బ్రేకు ఆపదు. ఏదైనా సరే, నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. సెల్లార్ నేల నీళ్లు పోవడానికి వాలుగా కట్టి ఉంటుంది, మన కంటికి ఆనదు. మట్టి నేల మీద, ఎండకి మెత్తబడిన తారు మీద అసలు ఎత్తొద్దు. చిన్న చక్రాలున్న జాకీ, బండి లేచేకొద్దీ కాస్త ముందుకో వెనక్కో జరగాలి. మట్టిలో జరగలేక పక్కకి ఒరుగుతుంది.

అపోహ: "స్ట్రట్ పైన నడిమధ్య నట్టు తీస్తే స్ప్రింగ్ బయటికొస్తుంది."

వస్తుంది, మీ మొహం మీదికి. స్ప్రింగ్‌ని నొక్కిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా ఆ నట్టు ముట్టుకోవద్దు. బానెట్ కింద చుట్టూ ఉండే చిన్న నట్లు విప్పి స్ట్రట్ మొత్తం దించి, స్ప్రింగ్ మార్పు కోసం ఏదైనా షెడ్డుకి పట్టుకెళ్లండి. అయ్యే ఖర్చు చాలా తక్కువ.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చక్రాల నట్లు బండి నేల మీదుండగానే కొద్దిగా వదులు చేయండి, చివరి బిగింపు కూడా దించాకే. బ్రేకు భాగాల బరువు బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకండి, వాటిని వైరుతో పైకి కట్టండి. తుప్పు బోల్టులకి ముందురోజు రాత్రే రస్ట్ స్ప్రే కొట్టి వదిలేస్తే సగం కుస్తీ తగ్గుతుంది.

లోయర్ ఆర్మ్, అంటే చక్రాన్ని కిందివైపు బాడీకి కలిపే ఇనుప చెయ్యి, మార్చినవాళ్లకి ఇంకో మాట. చక్రం గాల్లో వేలాడుతుండగా దాని రబ్బరు బుష్ బోల్టు పూర్తిగా బిగించేస్తే, బండి దించగానే ఆ రబ్బరు మెలిపడి త్వరగా చినిగిపోతుంది. "కొత్త బుష్ నాసిరకం" అని వచ్చేవాటిలో చాలావాటి కథ ఇదే. బండి స్టాండ్ల మీదుండగానే జాకీని ఆర్మ్ చివర, చక్రం వైపు ఉండే బాల్ జాయింట్ దగ్గర పెట్టి, బండి స్టాండు మీంచి లేవబోతోంది అనేంతవరకు ఎత్తి, అప్పుడు బిగించండి. తర్వాత అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించండి. దానికి మాత్రం బయటికి వెళ్లక తప్పదు.