పాత కారుకు కొత్త అడుగురేకు

పాత అంబాసిడర్ కొనేవాళ్లు ముందు పెయింటు చూస్తారు, తర్వాత ఇంజను చప్పుడు వింటారు. నేనైతే ముందు మ్యాటు ఎత్తి చూడమంటాను. 2014లో తయారీ ఆగిపోయిన ఈ కారుకు లారీలాగా విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం ఉండదు. పైకప్పు, తలుపుల మధ్య స్తంభాలు, తలుపుల కింది గడపలు, అడుగురేకు అన్నీ కలిసే బరువు మోస్తాయి. అడుగు కుళ్లితే బాడీ మొత్తం బలం తగ్గుతుంది.

వరంగల్ వానల్లో రోడ్డు మీది నీళ్లే రేకును తినేస్తాయని అనుకుంటాం. చాలాసార్లు ముందు అద్దం చుట్టూ ఎండలకు పగిలిన రబ్బరు సందుల్లోంచి నీళ్లు కారి, మ్యాటు కిందికి చేరి అక్కడే నిలిచిపోతాయి. తడి పైభాగానికి గాలి బాగా తగులుతుంది, రేకుల అతుకు సందుల్లోకి తక్కువగా వెళ్తుంది. ఒకే రేకు మీద ఈ తేడా చాలు, బ్యాటరీలాంటి చిన్న విద్యుద్ఘటం తయారవుతుంది. ఆక్సిజన్ తక్కువున్న చోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి కరిగిపోతుంది, ఎక్కువున్న చోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. కంటికి కనపడని అతుకులు ముందుగా పోయేది ఇందుకే. పైగా తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి, స్పాట్ వెల్డింగులను కూడా విడదీస్తుంది.

స్క్రూడ్రైవర్ మొనతో తట్టి చూడండి. మంచి రేకు ఖంగుమంటుంది. జంగు తిన్నది పొరలుగా లేచి, మొన లోపలికి దిగిపోతుంది. దాని మీద తారు పూసి అమ్మడం మోసమే. తారు కింద చిక్కిన తడి తన పని తాను చేసుకుపోతుంది.

కొత్తదానికి 18 గేజ్, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల సీఆర్ షీటు (వేడి చేయకుండా రోలర్లతో నొక్కి తీసిన ఉక్కు రేకు) సరిపోతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు కత్తుల కోసం కరిగించిన ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండేది, గట్టిదనం దానివల్లే. సీఆర్ షీటులో పావు శాతం కూడా ఉండదు కాబట్టి చెక్క సుత్తి దెబ్బకు పగలకుండా వంగుతుంది. జింక్ పూత పూసిన జీఐ రేకు మాత్రం వద్దు. జింక్ 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, వెల్డింగులో ఆ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది.

చదును రేకు అతికించి వదిలేస్తే కాలు పెట్టినప్పుడల్లా డబడబమంటుంది. కాగితాన్ని ఒక అంచున పట్టుకుంటే వాలిపోతుంది, మధ్యలో మడత పెడితే నిలబడుతుంది. కంపెనీ రేకులోని గాడుల పని కూడా అదే. మందం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది కానీ బరువు కూడా రెట్టింపవుతుంది. గాడులైతే బరువు పెంచకుండా బిగువునిస్తాయి. అందుకే పాత రేకు తీసేముందే అట్టముక్క మీద గాడుల కొలతలు దించుకుని, కొత్తదాన్ని రెండు రోలర్ల మధ్య తిప్పి అవే గాడులు తేవాలి.

ఆటోనగర్‌లో అనుభవమున్న మేస్త్రీ ఎవరైనా కుర్రాడికి చెప్పే మాట ఒకటుంది: “ముందుగాల తలుపులకు ఆసరా పెట్టు, తర్వాతనే కొయ్యి.” తలుపు సందుల్లో స్క్వేర్ పైపులు అడ్డంగా అతికించకుండా అడుగు కోస్తే బాడీ కుంగి, తర్వాత తలుపులు సరిగా మూసుకోవు.

వెల్డింగ్ వేడికి రేకు సాగాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లని లోహం సాగనివ్వదు. అక్కడే నలిగి, చల్లారేటప్పుడు కుంచించుకుపోయి మొత్తం రేకును అలలుగా లాగేస్తుంది. కాబట్టి సీఓటూ వెల్డింగుతో (కార్బన్ డయాక్సైడ్ వాయువు వదులుతూ చేసేది) ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క పెట్టి, చల్లారాకే మధ్యలో నింపుకుంటూ రావాలి. ఆపైన జింక్ ప్రైమరు, అతుకులకు సీలరు. పాత రేకులోని నీటి రంధ్రాలు కొత్తదాంట్లోనూ పెట్టి రబ్బరు బిరడాలు బిగించాలి. కార్పెట్ వేసే ముందు అద్దాల మీద పైపుతో నీళ్లు కొట్టించి, లోపల ఎక్కడైనా చెమ్మ తగులుతోందేమో చేత్తో తడిమి చూసుకోవాలి.