మ్యాప్‌లో సరస్సులు: అపోహలు - వాస్తవాలు

గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివేవాళ్లకు నేను జాగ్రఫీ చెబుతాను. సరస్సుల మ్యాప్ ముందు పెట్టగానే బాగా చదివేవాళ్లు కూడా తడబడుతుంటారు. ఆకారాన్నో సైజునో పట్టుకుని వెతకడమే దానికి కారణం. చుట్టుపక్కల ఏముందో చూడటం అలవాటైతే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

అపోహ: మ్యాప్‌లో పెద్దగా కనిపించేదే పెద్ద సరస్సు.

అస్సలు కాదు. మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద గీసే ఒక పద్ధతి) గీసిన ప్రపంచ పటం తీసి, కెనడాలో ఆర్కిటిక్ వలయం దగ్గరున్న గ్రేట్ బేర్ సరస్సునీ, ఆఫ్రికాలో భూమధ్యరేఖ మీదున్న విక్టోరియానీ పక్కపక్కన పెట్టి చూడండి. గ్రేట్ బేర్ రెండింతలకు పైగా పెద్దగా కనిపిస్తుంది. దాని అసలు విస్తీర్ణం సుమారు 31,000 చ.కి.మీ., విక్టోరియాది దాదాపు 68,800! ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఆ పటం దేన్నైనా సాగదీసి చూపిస్తుంది.

అపోహ: 'హోమ్స్' (HOMES: హ్యూరన్, అంటారియో, మిచిగాన్, ఈరీ, సుపీరియర్ ఇంగ్లిష్ మొదటి అక్షరాలు) అని గుర్తుంటే అమెరికా, కెనడాల్లోని ఐదు గ్రేట్ లేక్స్ వచ్చేసినట్టే.

పేర్లు వస్తాయి, వరస రాదు. మార్కులు పోయేది అక్కడే. పడమర చివర పైన ఉన్నది సుపీరియర్. దాని కింద ఉత్తర దక్షిణాలుగా నిలువుగా ఉన్నది మిచిగాన్, దాని అడుగున చికాగో. మిచిగాన్‌కి తూర్పున హ్యూరన్. హ్యూరన్ నుంచి నీళ్లు డెట్రాయిట్ మీదుగా ఈరీలోకి వస్తాయి, ఈరీ నీళ్లు నయాగరా దగ్గర కిందికి దూకి అంటారియోలో కలుస్తాయి, ఆ అంటారియో ఒడ్డునే టొరంటో ఉంది. ఈ మూడు ఊళ్లలోనూ మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఊళ్లతో కలిపి చదివితే మర్చిపోరు. మిచిగాన్ ఒక్కటే పూర్తిగా అమెరికాలో ఉంది, మిగతా నాలుగూ కెనడాతో ఉమ్మడి.

అపోహ: ఆఫ్రికాలో సన్నగా, పొడుగ్గా ఉంటే అది టాంగన్యికానే.

మలావి సరస్సూ అలాగే ఉంటుంది, రెండూ పగులు లోయలో (భూమి పైపొర చీలి కుంగిన చోట) ఏర్పడినవే. నేను చెప్పే గుర్తు ఒకటే: 9 డిగ్రీల దక్షిణ అక్షాంశం. దానికి పైన ఉంటే టాంగన్యికా, కింద ఉంటే మలావి. రెండూ ఆ గీతను దాటవు.

అపోహ: బైకాల్, బాల్కష్ పక్కపక్కనే ఉంటాయి.

పేర్లే దగ్గర. మంగోలియాకి ఉత్తరాన రష్యాలో నెలవంకలా ఉన్నది బైకాల్, 1,642 మీటర్ల లోతుతో ప్రపంచంలోనే లోతైనది. బాల్కష్ కజకిస్తాన్‌లో ఉంది, పడమటి సగం మంచినీరు, తూర్పు సగం ఉప్పునీరు.

అపోహ: అట్లాస్‌లో నీలం రంగు వేశారంటే అక్కడ నీళ్లున్నట్టే.

ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌ల మధ్య ఉన్న అరల్. పత్తి పొలాల కోసం దానిలోకి వచ్చే అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లు మళ్లించడంతో 1960ల నుంచి ఎండుతూ వచ్చింది. 2014లో దాని తూర్పు పాయ పూర్తిగా ఎండిపోయింది. 2005లో కట్టిన కోక్-అరల్ ఆనకట్ట వల్ల ఉత్తరాన ఉన్న చిన్న భాగం మాత్రం కాస్త కోలుకుంది. పాత అట్లాస్‌లో ఇవేవీ ఉండవు, నిండు సరస్సే కనిపిస్తుంది, అందుకే ముందు అది ఏ సంవత్సరంలో అచ్చయిందో చూడమంటాను. ఆస్ట్రేలియాలోని ఐర్ లాంటి వాటి చుట్టూ చాలా అట్లాసుల్లో చుక్కల గీత ఉంటుంది. ఎప్పుడో వరదలొస్తే తప్ప అందులో నీళ్లుండవని దానర్థం.